కాటా పడకముందు సరుకు ఎవరిది? మిర్చి యార్డు నుంచి అమ్మకపు చట్టాన్ని చూస్తే

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ రోజుల్లో ధర ఉదయం కుదురుతుంది. కాటా మధ్యాహ్నం పడొచ్చు, సాయంత్రం పడొచ్చు, రద్దీ ఉంటే మర్నాడు పడొచ్చు. డబ్బు చేతికి రావడానికి ఇంకొన్ని రోజులో, వారాలో పడుతుంది. రైతుకు వచ్చే తగాదాల్లో చాలా భాగం ఈ మధ్యకాలంలో పుట్టేవే. వాన పడి టిక్కీలు (మిర్చి బస్తాలు) తడుస్తాయి. ధర ఒప్పుకున్న వ్యాపారి కాటా దగ్గరకు వచ్చి "తాలు ఎక్కువుంది, క్వింటాకు అయిదొందలు తగ్గించు" అంటాడు; తాలు అంటే రంగు పోయిన నాసి కాయ. సరుకు లారీ ఎక్కి వెళ్లిపోయాక డబ్బు ఇవ్వాల్సినవాడు ఫోన్ ఎత్తడు.

ఇలాంటి తగాదాలో చట్టం ముందుగా తేల్చుకునే విషయం, గొడవ వచ్చిన సమయానికి ఆ సరుకుకు సొంతదారు ఎవరు అన్నది. డబ్బు ముట్టేదాకా సరుకు తనదేనని రైతు అనుకుంటాడు. లారీకి ఎక్కేదాకా తనకు సంబంధం లేదని వ్యాపారి అనుకుంటాడు. చట్టం దగ్గర ఇద్దరి లెక్కా తప్పిపోవచ్చు. సరుకు అమ్మినవాడి దగ్గరే ఉండగా, ఒక్క రూపాయి కూడా చేతులు మారకుండానే సొంతదారు మారిపోయే వీలుంది.

దీన్ని నడిపే చట్టాలు రెండు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఒకటి, 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం ఇంకొకటి. మొదట్లో అమ్మకాల నియమాలు కూడా కాంట్రాక్టు చట్టంలోనే, 76 నుంచి 123 దాకా ఉన్న సెక్షన్లలో ఉండేవి. వాటిని అక్కడి నుంచి తీసేసి 1930లో విడిగా చట్టం చేశారు. అది ఆ ఏడాది జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మకపు చట్టం నోరు విప్పని చోట ఇప్పటికీ కాంట్రాక్టు చట్టమే వర్తిస్తుంది.

నోటిమాట చెల్లుతుందా

"కాగితం రాసుకోలేదు కాబట్టి అది ఒప్పందమే కాదు" అనే మాట యార్డులోనూ వినబడుతుంది, విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలోనూ వినబడుతుంది. అది తప్పు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 10 అడిగేవి కొన్నే. ఒకరు అడగాలి, రెండోవారు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు ఇష్టపూర్వకంగా ఉండాలి. ఇద్దరూ ఒప్పందానికి అర్హులై ఉండాలి. ప్రతిఫలం ఉండాలి. పని చట్టానికి విరుద్ధం కాకూడదు. అమ్మకపు చట్టం సెక్షన్ 5 ఇంకా సూటిగా చెబుతుంది: అమ్మకం రాతపూర్వకంగా జరగొచ్చు, నోటిమాటతో జరగొచ్చు, ఇద్దరి నడవడికను బట్టి కూడా జరిగినట్టే అనుకోవచ్చు. భూమి అమ్మకానికి రిజిస్ట్రేషన్ కావాలి కానీ మిరపకాయలకు అక్కర్లేదు.

అర్హత విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు ఆఖరి కోర్టు) తేల్చింది. అయితే తండ్రి పంపితే పదహారేళ్ల కుర్రాడు సరుకు తీసుకొచ్చి ధర ఒప్పుకుంటే ఆ అమ్మకం చెల్లుతుంది. అక్కడ కుర్రాడు తండ్రి తరఫు మనిషి మాత్రమే, అమ్మింది తండ్రి.

ఫోన్‌లో కుదిరిన బేరాలకు 1966 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇప్పటికీ దారి చూపిస్తుంది. అహ్మదాబాద్ వ్యాపారికి, ఖామ్‌గావ్‌లోని మిల్లుకు మధ్య పత్తిగింజల చెక్క బేరం ఫోన్‌లో కుదిరింది. సరఫరా జరగలేదు. కేసు ఏ ఊళ్లో వేయాలన్న పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉత్తరంతో ఒప్పుకుంటే దాన్ని పోస్టులో వేసిన చోట ఒప్పందం పూర్తవుతుంది. ఫోన్‌లో ఆ లెక్క కుదరదని, "సరే" అన్న మాట అవతలివారి చెవిన పడిన చోటే ఒప్పందం పూర్తవుతుందని మెజారిటీ తీర్పు. అంటే ధర చెప్పింది గుంటూరు వ్యాపారి, సరే అన్నది ముంబై వ్యాపారి అయితే ఒప్పందం గుంటూరులో పుట్టినట్టు. దావా కోసం ముంబై తిరగాలా, గుంటూరు కోర్టుకు వెళితే చాలా అన్నది దీంతో తేలొచ్చు కాబట్టి చిన్న వ్యాపారికి ఇది చిన్న విషయం కాదు.

నోటిమాట చెల్లుతుంది సరే, దాన్ని నిరూపించడం వేరే పని. తక్‌పట్టీ (అమ్మకం వివరాలుండే యార్డు రశీదు) బదులు తెల్ల చీటీ మీద అంకెలు వేసి ఇచ్చే అలవాటు రైతును దెబ్బ తీసేది ఇక్కడే. ఆ చీటీలో కొన్నవాడి పేరు ఉండదు, సంతకం ఉండదు, ఒక్కోసారి తేదీ కూడా ఉండదు. దానికంటే ధర, రకం, టిక్కీల సంఖ్య రాసి పంపిన వాట్సాప్ మెసేజ్ ఎంతో నయం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 10ఎ చెబుతుంది. కోర్టులో దాన్ని సాక్ష్యంగా చూపేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. మెసేజ్ ఉన్న ఫోన్‌ను మార్చేసి, పాతది అమ్మేసిన తర్వాత ఈ విషయం తెలిసి లాభం లేదు.

ధరకూ కాటాకూ మధ్య

ఒప్పందం పూర్తవడం, సొంతదారు మారడం ఒకే క్షణంలో జరగాలని లేదు. సొంతదారు ఎప్పుడు మారాలన్నది ముందుగా ఇద్దరి ఉద్దేశాన్ని బట్టే ఉంటుంది. వాళ్లు ఏమీ చెప్పుకోకపోతే చట్టం తన సూత్రాలు వాడుతుంది. ఫలానా వస్తువు అని గుర్తించి, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న సరుకును షరతుల్లేకుండా అమ్మితే, ఒప్పందం జరిగిన క్షణమే అది కొన్నవాడిది అయిపోతుందని అమ్మకపు చట్టం సెక్షన్ 20 అంటుంది. డబ్బు రేపు ఇస్తానన్నా, సరుకు ఎల్లుండి తీసుకెళతానన్నా తేడా లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డు కొట్లో ఒక ఫ్యాన్ చూపించి "ఇదే కావాలి, సాయంత్రం వచ్చి పట్టుకెళతా" అని ధర ఒప్పుకుంటే అది అప్పుడే కొన్నవారిది.

యార్డులో లాట్‌కు ఇది ఇలాగే వర్తించదు, మధ్యలో కాటా ఉంది కాబట్టి. ధర క్వింటాకు కుదురుతుంది, మొత్తం ఎంతో తూకం వేస్తేగానీ తెలియదు. ధర తేల్చడానికి అమ్మేవాడు సరుకును తూచాల్సి ఉంటే, ఆ తూకం పూర్తై, ఆ సంగతి కొన్నవాడికి తెలిసేదాకా సొంతదారు మారడని సెక్షన్ 22 చెబుతుంది. సొంతదారు ఎవరో నష్టం వారిదే అన్నది సెక్షన్ 26. ఈ రెండూ కలిపి చదివితే, ధర ఒప్పుకున్నాక కాటాకు ముందు వాన పడి సరుకు తడిస్తే మామూలుగా నష్టం రైతుదే.

ఇక్కడితో ఆగిపోతే చట్టం రైతును వదిలేసినట్టే కనిపిస్తుంది. సెక్షన్ 26కు ఒక మినహాయింపు ఉంది, దాన్ని చాలామంది లాయర్లు కూడా గట్టిగా వాడుకోరు. సరుకు అప్పగింత ఎవరి తప్పు వల్ల ఆలస్యమైందో, ఆ ఆలస్యం లేకపోతే జరగని నష్టం వారే భరించాలి. సొంతదారు మారాడా లేదా అన్నది అప్పుడు అడ్డు రాదు. ఉదయం పదింటికి ధర ఒప్పుకుని, కాటాకు రమ్మని కబురు పెట్టినా సాయంత్రం అయిదింటి దాకా మనిషిని పంపని వ్యాపారి ఉన్నాడనుకుందాం. నాలుగింటికి వాన పడింది. ఆ తడి సరుకు నష్టం వ్యాపారి మీద పడాలని వాదించడానికి ఈ మినహాయింపు గట్టి ఆధారం. కబురు పెట్టిన సమయం నిరూపించగలగాలి, అంతే. ఒక ఫోన్ కాల్ రికార్డు, ఒక మెసేజ్ ఇందుకు పనికొస్తాయి.

వేలం పద్ధతిలో అమ్మితే సెక్షన్ 64 వస్తుంది. ప్రతి లాట్ విడి ఒప్పందం. సుత్తి కొట్టో, ఆ మార్కెట్ ఆనవాయితీ ప్రకారం మరో రకంగానో ముగిసినట్టు ప్రకటించేదాకా పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. ప్రకటించాక తీసుకోలేడు. ధర పెంచడానికి అమ్మేవాడు తన మనుషులతో దొంగపాటలు పాడిస్తే కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు.

మచ్చు చూసి కొన్నాక

కొనేవాడు టిక్కీ కోసి మచ్చు తీస్తాడు. కాయను విరిచి చూస్తాడు, రంగు చూస్తాడు, తొడిమె చూస్తాడు, గుప్పెట్లో నలిపి తేమ చూస్తాడు. అప్పుడు ధర చెబుతాడు. ఇది సెక్షన్ 17 చెప్పే మచ్చు అమ్మకానికి అచ్చమైన ఉదాహరణ. మిగతా సరుకు మచ్చుకు సరిపోవాలి. సరిపోల్చి చూసుకునే అవకాశం కొన్నవాడికి ఉండాలి. మామూలుగా పరీక్షిస్తే బయటపడని లోపం సరుకులో ఉండకూడదు.

ఈ మూడో మాట రైతు వైపు నుంచి జరిగే తప్పుకు వర్తిస్తుంది. పైన మంచి కాయ పోసి అడుగున తాలు కలిపినా, తూకం పెరగాలని నీళ్లు చల్లినా మచ్చుతో బయటపడకపోవచ్చు. అప్పుడు సరుకు తిరస్కరించే హక్కు కొన్నవాడికి ఉంది. ధరలో కోత అడగడం కూడా న్యాయమే.

కాటా దగ్గర జరిగే కోతలన్నీ ఆ కోవలోవి కావు. మచ్చు తీసింది వ్యాపారే, చూసింది వ్యాపారే, ధర చెప్పింది వ్యాపారే. లాట్ మచ్చుకు సరిపోతూ ఉండగా "మార్కెట్ పడింది" అనో, "పైవాళ్లు ఒప్పుకోవడం లేదు" అనో తగ్గించమనడం అంటే కుదిరిన ఒప్పందాన్ని ఒక పక్షమే మార్చడం. చట్టంలో దానికి చోటు లేదు. చీకటి పడుతూ ఉంటే, బాడుగ లారీ వెయిటింగ్‌లో ఉంటే, సరుకు వెనక్కి తీసుకెళ్లలేక రైతు ఒప్పుకుంటాడు. అలా ఒకసారి "సరే" అంటే కొత్త ధరకు కొత్త ఒప్పందం కుదిరినట్టు వ్యాపారి చెప్పుకుంటాడు. అందుకే కోతకు కారణం చీటీ మీద రాయమని అడగడం అవసరం. తాలు శాతం ఎంతో రాయాల్సి వస్తే, లేని తాలుకు కోత వేయడం అంత తేలిక కాదు.

అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారికే సరుకు వేయాల్సిన పరిస్థితి ఇంకో రకం ఒత్తిడి. అప్పు ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. కానీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 16 కింద ఉన్న ఉదాహరణల్లో ఒకటి అచ్చం మన పల్లెలను చూసి రాసినట్టుంటుంది: ఊరి వడ్డీ వ్యాపారికి బాకీ ఉన్న మనిషి అతని దగ్గరే మళ్లీ అప్పు తీసుకుంటాడు, షరతులు చూడగానే అన్యాయంగా కనిపిస్తాయి. అప్పుడు ఒత్తిడి లేదని నిరూపించుకోవాల్సింది వడ్డీ వ్యాపారే. 1899 నాటి సవరణలోనే ఈ బాధ్యతను బలమున్నవాడి మీద పెట్టారు.

చేలో ఉన్న పంట

చేలో నిలబడి ఉన్న పంట కూడా, కోసి ఇవ్వాలన్నది ఒప్పందమైతే, చట్టం దృష్టిలో సరుకే. ఇంకా పండని పంటను అమ్మితే అది అమ్మకం కాదు, అమ్ముతామన్న ఒప్పందం మాత్రమే. ఇలాంటి చోట ఒక్క వాక్యం ఎలా రాశారన్నది కుటుంబాన్ని నిలబెట్టొచ్చు, ముంచొచ్చు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసింది. "ఫలానా సర్వే నంబరులో నా రెండెకరాల్లో పండే తేజ రకం కాయ మీకే ఇస్తాను" అని ఒప్పుకున్న రైతు, చేను పురుగు పాలైతే ఒప్పందం నుంచి బయటపడొచ్చు. 1876లో ఇంగ్లండ్‌లో ఒక ప్రత్యేక పొలంలో పండే బంగాళాదుంపల గురించి ఇలాంటి తీర్పే వచ్చింది. తెగులు సోకి పంట పోతే రైతుది తప్పు కాదన్నారు. అదే "నలభై క్వింటాళ్ల తేజ ఇస్తాను" అని మాత్రమే ఒప్పుకుంటే తన చేను పోయినా బయట కొని ఇవ్వాల్సిందే. ధర పెరిగి గిట్టుబాటు కాలేదన్నది సాకు కాదు. ఖర్చు పెరగడం వేరు, పని చేయడమే అసాధ్యం కావడం వేరు అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 మీద వచ్చిన తీర్పులు మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చాయి.

కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకుది అమ్మకం లెక్క కాదు. అక్కడ సరుకు రైతుదే, దాచిపెట్టేవాడు మామూలు జాగ్రత్త గల మనిషి తన సొంత సరుకును చూసుకున్నట్టు చూసుకోవాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 అంటుంది. అగ్నిప్రమాదం జరిగితే ఆ జాగ్రత్త తీసుకున్నామని చూపించుకోవాల్సింది స్టోరేజీ వాళ్లు.

కొట్లో కొన్న వస్తువు

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజనో, గేర్‌బాక్సో కొంటే మొట్టమొదటి షరతు, చెప్పినా చెప్పకపోయినా, అది అమ్మే హక్కు అమ్మినవాడికి ఉండాలి. దొంగసొత్తు అని తేలితే అసలు సొంతదారు పట్టుకెళతాడు. ఎంత నిజాయితీగా కొన్నా కొన్నవాడికి హక్కు రాదు. కానీ మొత్తం డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇంగ్లండ్‌లో 1923 నాటి రోలండ్ కేసులో దొంగ కారు కొన్న వ్యక్తి కొన్ని నెలలు దాన్ని వాడుకున్నాక కూడా పూర్తి ధర తిరిగి వచ్చింది.

"అమ్మిన వస్తువులు తిరిగి తీసుకోబడవు" అని బిల్లు మీద అచ్చేసినంత మాత్రాన లోపమున్న వస్తువు విషయంలో దుకాణదారుడు తప్పించుకోలేడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. నకిలీ విత్తనాలతో నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ చట్టం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు.

మాట తప్పితే ఎంత వస్తుంది

క్వింటా 15,000కు వంద క్వింటాళ్లు ఇస్తానని ఒప్పుకుని, ఇవ్వాల్సిన రోజున ధర 18,000 ఉండగా ఎగ్గొడితే, నష్టపరిహారం క్వింటాకు 3,000 చొప్పున మూడు లక్షలు. కొన్నవాడికి విదేశీ ఆర్డర్‌లో పోయిన పెద్ద లాభం, ఒప్పందం నాడే ఆ సంగతి చెప్పి ఉంటే తప్ప, రాదు. ఇది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73. ఈ లెక్కలో మార్కెట్ ధర నిరూపించడం ప్రాణం. 1962లో సుప్రీంకోర్టుకు వచ్చిన మురళీధర్ చిరంజీలాల్ కేసులో, కాన్పూర్‌లో అప్పగించాల్సిన కాన్వాస్ గుడ్డ ఇవ్వలేదు. కొన్నవాడు కలకత్తా రేటు చూపించాడు కానీ ఎగ్గొట్టిన రోజున కాన్పూర్ రేటు ఎంతో చూపలేదు. అమ్మినవాడు మాట తప్పిన మాట నిజమే అయినా పరిహారం రాలేదు. యార్డు ఏ రోజుకు ఆ రోజు ప్రకటించే రకాలవారీ ధరలను దాచుకోవడం అందుకే మంచిది.

డబ్బు రాకపోతే

డబ్బు ముట్టని అమ్మకందారుకు చట్టం ఇచ్చిన హక్కుల్లో గట్టివన్నీ సరుకు ఇంకా అందుబాటులో ఉన్నప్పుడే పనిచేస్తాయి. సరుకు తన దగ్గరే ఉంటే, అరువు గడువు లేకపోతే, డబ్బు ఇచ్చేదాకా పట్టి ఉంచవచ్చు. లారీ దారిలో ఉంటే ఆపించవచ్చు, కానీ కొన్నవాడు దివాలా స్థితిలో ఉంటేనే. ఇక్కడ దివాలా అంటే కోర్టు ప్రకటించాలని లేదు, మామూలు వ్యాపార బాకీలు తీర్చడం ఆపేస్తే చాలు. సరుకు గమ్యం చేరి వాళ్ల చేతికి వెళ్లాక ఈ రెండూ పోతాయి. ఇక మిగిలేది డబ్బు కోసం దావా.

దీనికి ముందే కట్టుకోగల గట్టు ఒకటుంది. డబ్బు పూర్తిగా ముట్టేదాకా సరుకు మీద హక్కు అమ్మినవారిదేనని చీటీలో రాయించుకోవచ్చు. అమ్మకపు చట్టం సెక్షన్ 25 ఇందుకు వీలిస్తుంది. అయినా ఆ సరుకును సంగతి తెలియని మూడో మనిషికి అమ్మేస్తే సెక్షన్ 30 వల్ల అతని హక్కు నిలబడే అవకాశం ఉంది. కాబట్టి ఇది పూర్తి రక్షణ కాదు. బాకీదారు మీద ఒత్తిడికి మాత్రం బాగా పనికొస్తుంది.

దావా ఎవరి మీద వేయాలన్న టెన్షన్ కూడా రైతుకు ఉంటుంది. సరుకు కొన్న ఎగుమతి వ్యాపారి పేరే చాలాసార్లు అతనికి తెలియదు, తెలిసింది తన కమీషన్ వ్యాపారి ఒక్కడే. ఏజెంటు మామూలుగా సొంతంగా బాధ్యుడు కాడు. అసలు మనిషి పేరు చెప్పకుండా బేరం చేస్తే మాత్రం అతనే బాధ్యుడన్న భావనతో మొదలుపెట్టమని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 230 చెబుతుంది. ఆ వ్యాపారి రైతు తరఫునే పనిచేశానంటే, సెక్షన్ 213 ప్రకారం అడిగినప్పుడు లెక్క చూపాలి. కొన్నది ఎవరు, వచ్చింది ఎంత అన్నది అప్పుడు దాచడానికి వీల్లేదు.

గడువు మూడేళ్లు. అరువు గడువు ఏమీ అనుకోకపోతే సరుకు అప్పగించిన రోజు నుంచి, అనుకుంటే ఆ గడువు తీరిన రోజు నుంచి లెక్క. "వచ్చే సీజన్‌కు సర్దుతా" అంటూ మూడు సీజన్లు గడిపేసే బాకీదార్లకు ఈ లెక్క బాగా తెలుసు. మూడేళ్లు తీరకముందే బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ సంతకం చేసిన చీటీ తీసుకుంటే, ఆ సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు వస్తాయి.